క్రైస్తవ కళాశాలలలో వర్తక విద్య

మన దేశములోని క్రైస్తవ కళాశాలలలో నేడు ఎక్కువమంది విద్యార్థులు కోరి వచ్చు శాఖ ఏది అని అడిగినచో, తత్త్వశాస్త్రమనిగాని ఆంగ్ల సాహిత్యమనిగాని చెప్పువారు అరుదు. చెన్నై, బెంగుళూరు, కోల్‌కతా, హైదరాబాదు, ఏ నగరమును తీసికొన్నను వాణిజ్య శాఖకు, దానికి చెల్లెలివంటి వ్యాపార నిర్వహణ శాఖకు ఉన్న గిరాకీ తక్కిన శాఖలకు లేదు. ఈ కళాశాలలను స్థాపించినవారు దీనిని ఊహించియుండరు. అలెగ్జాండర్ డఫ్ 1830లో కలకత్తాలో పాఠశాల తెరచినప్పుడుగాని, జాన్ ఆండర్సన్ 1837లో మదరాసులో తెరచినప్పుడుగాని, రాబర్ట్ నోబుల్ 1843లో మన మచిలీపట్టణములో తెరచినప్పుడుగాని, వారి మనస్సులో ఉన్నది బైబిలు, ఆంగ్లభాష, తర్కము, గణితము, పాశ్చాత్య విజ్ఞానము. అంగడి లెక్కలు నేర్పుటకు సముద్రములు దాటి రావలసిన పని వారికి కనిపించలేదు.

కనిపించకపోవుటకు మరియొక కారణము కూడ ఉన్నది. ఆనాటికి మన దేశములో వర్తక విద్య లేకపోలేదు. అది బడిలో లేదు, ఇంటిలో ఉన్నది. కోమటి ఇంటి పిల్లవాడు తండ్రి ప్రక్కన దుకాణములో కూర్చుండి, తూకము, ధర, అప్పు, వడ్డీ అను నాలుగు వేదములను పదేండ్లు నిండకముందే ఒంటబట్టించుకొనెడివాడు. చెట్టినాడు కుర్రవాడు దూరదేశములోని కొట్టుకు వెళ్లి, క్రిందిస్థాయి గుమాస్తాగా మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి వచ్చెడివాడు. ఉత్తర హిందూస్థానములో మార్వాడీ గద్దెవద్ద మునీము ఉండెడివాడు. అతడు బాలురచేత మామూలు ఎక్కములేగాక భిన్నముల ఎక్కములను కూడ వల్లె వేయించెడివాడు. ఒకటింబావు ఎక్కము సవైయా, ఒకటిన్నర ఎక్కము డేఢా, రెండున్నర ఎక్కము ఢైయా, మూడున్నర ఎక్కము హూంఠా. వడ్డీ కట్టుటకును, గుడ్డ కొలుచుటకును కాగితముతో పనిలేకుండ చేసిన ఏర్పాటు ఇది. పద్దులు వ్రాసిన మహాజనీ లిపిలో గుణింతపు గుర్తులను తరచుగా వదలివేసెడివారు. ఆ ఇంటివాడు తప్ప పరాయివాడు చదువుట కష్టము. పరాయివాడు చదువకుండుటయే దాని ప్రయోజనములలో ఒకటి యని నా ఊహ.

ఈ విద్య ఎంత గట్టిదో, దాని తలుపు అంత ఇరుకైనది. వైశ్య కులములలో పుట్టినవానికి అది అమ్మపాలతో వచ్చును. మాల మాదిగలలో పుట్టినవానికి, చేనేత ఇంట పుట్టినవానికి, వితంతువైన ఆడుదానికి అది ఏనాటికిని రాదు. అప్పిచ్చువాడు వ్రాసినదే లెక్క, పుచ్చుకొన్నవాడు వేలిముద్ర వేయవలసినదే. కాబట్టి పద్దుల విద్యను నాలుగు గోడల బడిలో, అచ్చుపుస్తకములో, ఎవరు వచ్చినను చెప్పెదమనుట సామాన్యమైన మార్పు కాదు. వేదమును అందరికి వినిపించుట ఎట్టిదో ఇదియు ఒక విధముగ అట్టిదే. క్రైస్తవ కళాశాలల చరిత్రలో ఈ శాఖకు ప్రాముఖ్యము ఇందువలననే కలిగినది. అయితే ఆ తలుపు తీసిన మొదటి చేయి మిషనరీలది కాదు.

1882లో ఏర్పడిన హంటరు కమిషను, ఉన్నత పాఠశాల పై తరగతులలో రెండు దారులు ఉండవలెనని సూచించినది. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశమునకు, రెండవది వర్తకము మొదలైన లౌకిక వృత్తులకు. 1886లో మదరాసులో పచ్చయప్ప ధర్మకర్తలు వర్తక పాఠశాలను ప్రారంభించినారు. పచ్చయప్ప మొదలియారు పదునెనిమిదవ శతాబ్దపు దుబాసీ. ఆంగ్లేయులకును స్వదేశీయులకును నడుమ నిలిచి ధనమార్జించి 1794లో మరణించినవాడు. అతడు దేవాలయములకును దానధర్మములకును వ్రాసిపెట్టిన ఆస్తి న్యాయస్థానములో చాలకాలము నలిగి, చివరకు విద్యకు కూడ ఉపయోగపడినది. వర్తకుని సొమ్ముతోనే వర్తకపు బడి పుట్టుట సహజముగనే తోచును. తరువాత 1895లో కళ్లికోటలో ప్రభుత్వ వర్తక పాఠశాల, 1903లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో వాణిజ్య తరగతులు, 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాల వచ్చినవి. ఈ కడపటిది ఆసియాఖండములోనే మొదటి వాణిజ్య కళాశాల యని ప్రసిద్ధి.

1913వ సంవత్సరమునకు ఇంకొక విశేషము కూడ ఉన్నది. ఆ సంవత్సరమే భారతీయ కంపెనీల చట్టము వచ్చినది. పబ్లికు కంపెనీల లెక్కలను ప్రభుత్వముచే అర్హత పొందిన ఆడిటరు తనిఖీ చేయవలెనను నిబంధన దానిలో ఉన్నది. ఒక్క చట్టముతో ఒక వృత్తి పుట్టినది. వృత్తి పుట్టగానే దానికి పరీక్ష కావలసివచ్చినది. 1918లో బొంబాయి ప్రభుత్వము లెక్కల శాస్త్రములో డిప్లొమా నెలకొల్పినది. మునీము తన యజమానికి మాత్రమే జవాబుదారి. ఆడిటరు అట్లుకాదు. అతడు ముఖమెరుగని వాటాదారుల పక్షమున లెక్క చూడవలసినవాడు. కులముతోను చుట్టరికముతోను నడచిన నమ్మకమునకు బదులుగా, పరాయివాడు పరాయివానికి ఇచ్చు ధ్రువపత్రముపై నమ్మకము నిలువవలసి వచ్చినది. వాణిజ్య పట్టమునకు విలువ ఇక్కడినుండియే మొదలైనది.

ఆ 1918లోనే సిడెన్‌హామ్ కళాశాలలో రాజకీయార్థశాస్త్రాచార్యుడుగా చేరిన యువకుడు భీమరావు అంబేద్కరు. 1920 వరకు ఆయన అక్కడ బోధించినారు. బోధకుల గదిలో ఉంచిన కుండలోని నీరు ఆయన త్రాగరాదని కొందరు సహోపాధ్యాయులు అభ్యంతరము చెప్పినట్లు ఆయన జీవిత చరిత్రకారులు వ్రాసినారు. షాహుకార్ల బిడ్డలకు ధనశాస్త్రము చెప్పుటకు పనికివచ్చినవాడు నీటికుండ ముట్టుటకు పనికిరాకపోయినాడు. తరగతి గది తలుపు తెరచుకొన్నంత మాత్రమున అన్ని తలుపులు తెరచుకొనవు.

ఇప్పుడు మిషనరీలవద్దకు వత్తము. పైన చెప్పిన సంస్థలలో ఒక్కటియు వారిది కాదు. వారి వెనుకంజకు కారణములేమి? మదరాసు క్రైస్తవ కళాశాలను 1862 నుండి 1907 వరకు నడిపిన విలియం మిల్లరు మాట తీసికొందము. ఒక్కొక్కరిని మతములోనికి మార్చుటకంటె, ఉన్నత విద్యద్వారా హిందూ సమాజమంతటను క్రైస్తవ భావములు మెల్లగా వ్యాపింపవలెనని ఆయన ఆశయము. అట్టి విద్యకు చరిత్ర, సాహిత్యము, తత్త్వము తగినట్లు జమాఖర్చులు తగవు. పైగా ఆనాటి విశ్వవిద్యాలయములు నిర్ణయించిన పాఠ్యక్రమము ఎట్లున్నదో కళాశాలలు అట్లే నడువవలెను. మూడవ కారణము అంతరంగికమైనది. దేవాలయపు ఆవరణమునుండి రూకలు మార్చువారిని తరిమివేసిన గురువు కథ చదువుకొన్నవారికి, ఆ రూకల బల్లను మరల కళాశాల ఆవరణములో పెట్టుట ఇంపుగా ఉండదు. అదే గ్రంథములో, యజమాని ఇచ్చిన ధనమును వ్యాపారములో పెట్టి రెట్టింపు చేసిన సేవకుని మెచ్చుకొన్న కథయు ఉన్నది. కాని దానిని వడ్డీవ్యాపారమునకు సమర్థనగా చెప్పుకొనుటకు బోధకులు ఎప్పుడును కొంత జంకినారు.

చిత్రమేమనగా, ఐరోపాలో జంటపద్దుల విధానమును మొదట అచ్చులో వివరించినవాడు ఒక సన్యాసియే. ఫ్రాన్సిస్కన్ సంఘమునకు చెందిన లూకా పచోలీ 1494లో వెనిసు నగరములో ప్రకటించిన గణితగ్రంథములో ఆ ప్రకరణము ఉన్నది. విధానము ఆయన కనిపెట్టినది కాదు. వెనిసు వర్తకులు అప్పటికే వాడుచున్నదానిని ఆయన క్రమపరచి చెప్పినాడు. దైవనామముతో వ్యాపారము మొదలుపెట్టవలెననియు, మొదటి పుస్తకములపై శిలువ గుర్తు వేయవలెననియు ఆయన చెప్పినాడు. దీపావళినాడు క్రొత్త బహీపై స్వస్తికము వేసి శుభము, లాభము అని రెండు ప్రక్కల వ్రాసెడి మార్వాడీ వర్తకునకు ఈ మాట విడ్డూరముగ తోచదు.

అన్ని మిషనులును వర్తకమునకు దూరముగా ఉన్నవనుట కూడ సరికాదు. 1834లో మంగళూరు వచ్చిన బాసెలు మిషనువారిది వేరు మార్గము. మతము మార్చుకొన్నవారికి ఊరిలో కులవృత్తి పోవును, కౌలుభూమి పోవును. వారికి బ్రతుకుతెరువు చూపవలసిన భారము మిషనుమీద పడినది. అందుచేత నేతశాలలు పెట్టినారు. 1865లో పెంకుల కర్మాగారము పెట్టినారు. మంగళూరు పెంకు అను మాట దక్షిణ దేశమంతటను ఇంటింటికి ఎక్కినది. ప్రార్థనయు లాభమును ఒకే పెట్టెలో ఉండరాదని తలచి, వర్తకమునకు 1859లో వేరొక సంఘమును ఏర్పాటు చేసినారు. ఖాతాలు వేరైనవి, యజమాని ఒక్కడే. మొదటి ప్రపంచ యుద్ధములో శత్రుదేశీయుల ఆస్తి యని ఆంగ్ల ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొని, కామన్‌వెల్తు ట్రస్టు అను సంస్థకు అప్పగించినది. మిషను చేసిన వ్యాపారమునకు వచ్చిన కష్టము వ్యాపారమువలన రాలేదు, జాతివలన వచ్చినది.

ఉత్తరదేశమున ఒక ఉదాహరణము చెప్పవలెను. 1903లో వచ్చిన సామ్ హిగిన్‌బాటమ్ అలహాబాదు క్రైస్తవ కళాశాలలో అర్థశాస్త్రము బోధించుచు, శిష్యులను చుట్టుప్రక్కల పల్లెలకు తీసికొనిపోయినాడు. పుస్తకములోని సూత్రములకును, పల్లెలోని ఆకలికిని పొందిక కుదరలేదు. ఆయన అమెరికాకు పోయి వ్యవసాయము చదివి, తిరిగివచ్చి యమునాతీరమున వ్యవసాయ సంస్థను స్థాపించినాడు. ఆ తరపు మిషనరీ అర్థశాస్త్రజ్ఞుడు తరగతినుండి బయటికి అడుగు పెట్టినచో పొలమువైపు నడచినాడుగాని బజారువైపు నడువలేదు. 1931లో లిండ్సే అధ్యక్షతను వెలువడిన క్రైస్తవ ఉన్నతవిద్యా నివేదిక సైతము, కళాశాలలు చుట్టుప్రక్కల సమాజముయొక్క అవసరములను పరిశోధించి దానికి తోడ్పడవలెనని చెప్పినది.

మన తెలుగుదేశమునకు వచ్చినచో, ఈ కథలో ఒక మెలిక ఉన్నది. మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, వైద్యము చదివి, మచిలీపట్టణములో వైద్యము చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో అదే పట్టణములో ఆంధ్రా బ్యాంకును స్థాపించినారు. వాణిజ్యము ఆయన చదివిన చదువు కాదు. స్వదేశీ ఉద్యమమే ఆయనకు వర్తక పాఠము. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియను బ్యాంకులో విలీనమగువరకు ఆంధ్రా అను పేరును దేశమంతట మోసినది. పట్టము లేనివారు బ్యాంకులు పెట్టినారు. తరువాతి తరములో పట్టము ఉన్నవారు వానిలో ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టినారు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మిషనుల వెనుకంజ తీరినది. 1949వ సంవత్సరము ఇక్కడ గుర్తుంచుకొనదగినది. చార్టర్డు అకౌంటెంట్ల చట్టము ఆ యేట వచ్చినది. రాధాకృష్ణను అధ్యక్షతను ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషను తన నివేదిక ఆ యేటనే ఇచ్చినది. వాణిజ్య విద్యార్థికి చదువుకొను కాలములోనే మూడు నాలుగు విధములైన సంస్థలలో పనిచేయు అవకాశము కల్పింపవలెనని దాని సిఫారసు. బెంగుళూరులో 1882 నాటి సెంటు జోసెఫు కళాశాల వాణిజ్యశాఖను తెరచినది ఆ సంవత్సరమే. జంషెడ్‌పూరులో జెసూటులు జేవియరు కార్మిక సంస్థను ప్రారంభించినదియు అప్పుడే. ఈ రెండవదాని కథ ముచ్చటైనది. కార్మికులకును యజమానులకును నడుమ సంబంధములు చక్కపరచుట దాని మొదటి ఆశయము. కార్మిక సంఘములవారికి అక్కడ సాయంకాలపు తరగతులు నడచినవి. నేడు దాని పేరు వినగానే అందరికి స్ఫురించునది పెద్ద కంపెనీల నిర్వాహకులు. కార్మిక నాయకులు ఎవరికిని స్ఫురించరు.

1956లో జీవితబీమా జాతీయమైనది, క్రొత్త కంపెనీల చట్టము వచ్చినది. 1969 జులైలో పదునాలుగు బ్యాంకులు జాతీయమైనవి. బ్యాంకు శాఖలు తాలూకాలకును పల్లెలకును ప్రాకినవి. ఆ గుమాస్తా ఉద్యోగమునకు పోటీపరీక్ష ఉన్నది, రిజర్వేషను ఉన్నది, కులపు గద్దె లేదు. వాణిజ్య పట్టము ఇంటింటి కోరిక అయినది ఆ దశాబ్దములలోనే. బెంగుళూరు సెంటు జోసెఫువారి వాణిజ్యశాఖ 1972లో తల్లి కళాశాలనుండి వేరుపడి స్వతంత్ర కళాశాల యైనది. ఒక శాఖ కొమ్మగా పుట్టి ఇరువదిమూడేండ్లలో చెట్టుగా నిలుచుట ఈ మార్పునకు తగిన కొలత. సరిగా అదే 1972లో, సరిహద్దుకు అవతల, లాహోరులోని ఫార్మను క్రైస్తవ కళాశాలను పాకిస్థాను ప్రభుత్వము జాతీయము చేసినది. 1864లో మొదలైన ఆ కళాశాల 2003లోగాని తిరిగి చర్చివారి చేతికి రాలేదు. తిరిగివచ్చిన పిమ్మట అక్కడను వ్యాపార నిర్వహణ శాఖ నెలకొన్నది. అదే నగరములో, విభజనకు పూర్వము, వాణిజ్య విద్యకు ఇల్లు ఇచ్చినవాడు హిందువైన సర్ గంగారాము. 1927 నాటి హేలీ వాణిజ్య కళాశాల ఆయన దానము. ఇచ్చినవారి మతము, నడిపినవారి మతము, చదివినవారి మతము మన ఉపఖండములో ఒక్కటిగా ఉండిన సందర్భములు తక్కువ.

అనువాదకుని వృత్తిలో ఉన్నవాడను గనుక, మాటలను గూర్చి కొంత చెప్పక పోలేను. హిందీ వాణిజ్య పుస్తకములో చిట్ఠా అన్నచో సంవత్సరాంతమున ఆస్తులు, అప్పులు చూపెడి పట్టిక. తెలుగులో చిట్టా అన్నచో ఏనాటి వ్యవహారము ఆనాడు వ్రాసికొను పుస్తకము. ఒకే మాట హిందీలో లెక్కకు కడపట నిలిచినది, తెలుగులో మొదట నిలిచినది. హిందీవారి తలపట్ మన అంకణా. వారి ఖాతాబహీ మన ఆవర్జా. జమ అను అరబ్బీ మాట ఇద్దరికిని ఒక్కటే. దాని జంటమాట వారికి నామే, మనకు ఖర్చు. మహాజనీ బహీలో జమ ఎడమప్రక్క, నామే కుడిప్రక్క వ్రాయుదురు. ఆంగ్లపద్ధతి ఆవర్జాలో అది సరిగా తారుమారు. ఇంటిలో తాత దగ్గర నేర్చిన కుర్రవాడు కళాశాలలో చేరిన మొదటి వారము ఎంత తికమకపడియుండునో ఊహించుకొనవచ్చును.

క్రైస్తవ కళాశాలలు మొదటినుండి ఆంగ్ల మాధ్యమమునకు పేరుపొందినవి. ఆ పేరే విద్యార్థులను రప్పించినది. అందుచేత ఈ దేశీయ పదజాలమునకు అక్కడ చోటు దొరకలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ అను మాటలతో పాఠ్యపుస్తకములు వేసినది. పల్లెటూరి జూనియరు కళాశాలలో అవి చదివి నగరములోని కళాశాలకు వచ్చిన పిల్లకు లెక్క తెలియును, దాని పేరు తెలియదు. నూరేండ్లక్రితము మహాజనీ లిపి ఏ పని చేసినదో, ఇప్పుడు ఆంగ్లపదము కొంతవరకు అదే పని చేయుచున్నది. ఇది కళాశాలలు బుద్ధిపూర్వకముగ చేసినదని నేననను. కాని మొదటి సంవత్సరపు పరీక్షలో తప్పినవారి జాబితాను మాధ్యమమునుబట్టి విడదీసి చూచిన కళాశాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక రుసుముల మాట. రాజ్యాంగములోని 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు ఇచ్చినది. 1974లో అహమ్మదాబాదు సెంటు జేవియరు కళాశాల వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ హక్కును గట్టిపరచినది. 2002లో టి.ఎం.ఏ. పై వ్యాజ్యములో ప్రభుత్వ సహాయము పొందని సంస్థల స్వేచ్ఛ మరింత విస్తరించినది. ఈ నడుమ ప్రభుత్వములు క్రొత్త శాఖలకు సహాయమిచ్చుట తగ్గించినవి. కళాశాలలు ఏమి చేసినవి? తమిళనాడులో చాల కళాశాలలు ఒకే భవనములో రెండు కళాశాలలు నడుపుచున్నవి. ఒక పూట ప్రభుత్వ సహాయము గల శాఖలు. అక్కడ రుసుము స్వల్పము. మరియొక పూట స్వయంపోషక శాఖలు. అక్కడ అధ్యాపకుని జీతము విద్యార్థి చెల్లించు రుసుమునుండి రావలెను. వాణిజ్యము, వ్యాపార నిర్వహణ చాలవరకు ఈ రెండవ పూటకు చేరినవి. కూలివాని కొడుకు ఉచితముగా షేక్‌స్పియరును చదువవచ్చును, లెక్కలు చదువవలెనన్నచో తండ్రి అప్పు చేయవలెను. కులపు తలుపు తెరచినచోటనే ధనపు తలుపు వేసినట్లున్నది.

ఈ విమర్శ వినిపించినప్పుడు కళాశాలల పెద్దలు, మిగులు సొమ్ముతో పేదలకు విద్యార్థి వేతనములు ఇచ్చుచున్నామనియు, విలువల పాఠము పాఠ్యక్రమములో చేర్చినామనియు చెప్పుదురు. మొదటిది మెచ్చదగినది. రెండవదానిమీద నాకంత నమ్మకము లేదు. వారమునకొక గంట నీతి చెప్పి, తక్కిన గంటలలో లాభమే కొలబద్దగా చెప్పినచో విద్యార్థి దేనిని గుర్తుంచుకొనునో వేరే అడుగనక్కరలేదు. ఆడిటు పాఠమునే సరిగా చెప్పినచో అందులోనే కావలసినంత నీతి ఉన్నది. 2009 జనవరిలో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు లెక్కలు కల్పితములని దాని అధ్యక్షుడే ఒప్పుకొన్నప్పుడు, బ్యాంకులో లేని నిల్వలు ఏండ్ల తరబడి కాగితముపై ఎట్లు నిలిచినవను ప్రశ్నను మించిన నీతిపాఠము ఏ వాణిజ్య తరగతికి కావలెను?

గత కొన్ని సంవత్సరములలో మరల మార్పు వచ్చినది. 1969లో బెంగుళూరులో కార్మెలైటు సంఘమువారు పెట్టిన క్రైస్టు కళాశాల 2008లో విశ్వవిద్యాలయ స్థాయి పొందినది. 2024-25 నుండి బి.బి.ఏ. వంటి పట్టములు అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఆమోదము క్రిందికి వచ్చినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల పట్టమును, చదువు నడుమ పనిచోట శిక్షణను ప్రవేశపెట్టినది. రాధాకృష్ణను కమిషను 1949లో అడిగినది ఈ రూపమున అమలునకు వచ్చుచున్నది. విద్యార్థులు కొన్ని వారములపాటు ఆడిటరు కార్యాలయములోనో, సహకార బ్యాంకులోనో, టోకు దుకాణములోనో కూర్చుండుచున్నారు. బేగం బజారులోనో, విజయవాడ వన్‌టౌనులోనో అట్టి దుకాణమునకు పోయి చూచినచో, గద్దె ఇంకను ఉన్నది, గద్దెపై కూర్చున్నది ఆ ఇంటివాడే. బహీ మాత్రము లేదు. దాని స్థానములో కంప్యూటరుపై టాలీ ఉన్నది. మీటలు నొక్కుచున్నది వాణిజ్య పట్టము పుచ్చుకొన్న ఏ రైతు ఇంటి పిల్లయో, చేనేత ఇంటి పిల్లయో. షాహుకారు ఆమెను పద్దు జమకట్టితివా అని అడుగును. ఆమె క్రెడిట్ చేసితినండీ అని జవాబిచ్చును.